కాసిల్డా నలభై రెండు మాటలు

లాస్ గార్సాస్ రేవులో ఓడ కూత తర్వాత అంత పెద్ద గొంతు కాసిల్డా పౌలినోది. ఓడ వారానికి రెండుసార్లే కూస్తుంది కాబట్టి మొదటి స్థానం ఆవిడకే ఇవ్వాలని వాదించేవాళ్ళూ ఉన్నారు.

యాభై ఎనిమిదేళ్ళ ఆ మనిషి రేవు గేటు ఎదుట పదహారో నంబరు దుకాణంలో కొబ్బరి మిఠాయి అమ్ముతుంది. దుకాణమంటే నాలుగు కర్రలు, ఒక రేకు, ఒక బల్ల. అంతకుముందు వాళ్ళమ్మ కూర్చున్న చోటు. ఓడ దిగిన విదేశీ యాత్రికులు మొట్టమొదట తొక్కే నేల అదే. కాసిల్డా పిలుపుకి ఆశపడి వచ్చినవాళ్ళ కన్నా భయపడి వచ్చినవాళ్ళే ఎక్కువ. మనిషి చెడ్డది కాదు. ఎవరింట్లో జ్వరమన్నా గిన్నెడు కోడి సూపు పట్టుకెళ్తుంది. వానలో తడవద్దని చెప్పానా లేదా అని నాలుగు వీధులకు వినబడేలా తిడుతూ దాన్ని తాగిస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆవిడ విషయంలో ఊరే మంచిదై సర్దుకుపోయింది.

పక్కనే ఉన్న పదిహేడో నంబరు దుకాణం నెరెయిదాది. రమ్ములో చెట్ల బెరళ్ళు, వేళ్ళు, కాస్త తేనె వేసి నానబెట్టిన మామహువానా సీసాలు అమ్ముతుంది. కాసిల్డాకి సొంత చెల్లెలు. ఇద్దరి బల్లల మధ్య దూరం రెండు మూరలు. ఇద్దరి మధ్య మాటలు లేక పదకొండేళ్ళు.

కారణం చిన్నది కాదు. వాళ్ళమ్మ ఒవిదియా మూడు వారాలు మంచాన పడింది. కూతుళ్ళిద్దరూ వంతులు వేసుకుని చూశారు. ఒక శుక్రవారం పొద్దున కాసిల్డా మందుల కోసం పెద్ద ఊరికి వెళ్ళింది, వంతు నెరెయిదాది. కాసిల్డా తిరిగి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ ఒక్కతే ఉంది, ప్రాణం లేదు. నెరెయిదా ఎక్కడని చూస్తే రేవులో ఉంది, పళ్ళెం నెత్తిన పెట్టుకుని ఓడ దిగినవాళ్ళకు కొబ్బరి మిఠాయి అమ్ముతోంది. 

అమ్మ పోయిన తొమ్మిదో రోజు ప్రార్థనకు ఊరంతా వచ్చి కూర్చున్నాక, అల్తాగ్రాసియా మాత పటం ముందు కాసిల్డా లేచి నిలబడింది. నెరెయిదా ఏదో చెప్పబోయింది, కానీ ఆ గొంతు ముందు ఎవరి మాట నిలుస్తుంది? కాసిల్డా తిట్టవలసినవన్నీ తిట్టి, చివరికి పటం అంచు పట్టుకుని మొక్కు మొక్కింది. మా అమ్మ నేర్పిన మాటల్లో ఒక్కటి దీనితో మాట్లాడితే నా నాలుక ఎండి రాలిపోవాలి తల్లీ అని. అంతటితో ఊరుకోక ఆ మాత పెద్ద గుడి ఉన్న ఇగ్వెయ్ దాకా బస్సులో పోయి, గుమ్మం నుంచి పీఠం దాకా మోకాళ్ళ మీద నడిచి మొక్కును ఖాయం చేసుకుని వచ్చింది. ఇలాంటి మొక్కుతో మా దగ్గర ఎవరూ ఆటలాడరు. మొక్కు తప్పిన ఒక జాలరికి చేయి వంకరపోయిన సంగతి అందరికీ తెలుసు. తాగి పడవ మీదనుంచి పడ్డాడని డాక్టరు అంటాడు గానీ, డాక్టర్లకేం తెలుసు.

మాటలు లేకపోయినా పక్కపక్కన బల్లలేసుకున్నాక పని జరగాలి కదా. అందుకు కుక్క ఉంది. దాని పేరు వకీలు. తెల్లది, ఒక చెవి నల్లది, రెండు బల్లల మధ్య నీడలో పడుకుంటుంది. "వకీలూ, ఆవిడ సీసాల నీళ్ళు నా బల్ల కిందికి వస్తన్నాయని చెప్పు" అని కాసిల్డా కుక్కతో అంటుంది. "వకీలూ, ఆవిడ రేకు తుప్పుపట్టి కారతంది, అవి నా నీళ్ళు కావని చెప్పు" అని నెరెయిదా అంటుంది. కుక్క ఒకసారి ఇటు, ఒకసారి అటు చూస్తుంది. ఇది రెండో వకీలు. మొదటిది ఆరేళ్ళు కొలువు చేసి ముసలిదై పోయింది. దాన్ని పూడ్చేటప్పుడు ఏ మూల తవ్వాలన్నది తేలడానికి సగం రోజు పట్టింది, చెప్పడానికి కుక్క లేదు మరి.

ఇలా ఉండగా రేవు కమిటీ వాళ్ళకు ఒక ఆలోచన వచ్చింది. గేటు ఎదుట దుకాణం ఉండాలంటే ఇక మీదట ఇంగ్లీషు పరీక్ష పాసవ్వాలి. పాసవ్వని వాళ్ళు బస్సుల షెడ్డు వెనక్కి పోవాలి. ఆ షెడ్డు వెనక్కి ఈగ రావాలన్నా దారి అడిగి రావాలి. పరీక్షకు పుస్తకం కావాలి కాబట్టి కమిటీ వెతికింది. చర్చి గోదాములో ఎవరో పరదేశం వాళ్ళు ఎప్పుడో పంపిన పెట్టె ఒకటి దొరికింది. అందులో నూట ఇరవై సన్నటి పుస్తకాలున్నాయి. ఏదో కఠినమైన హాస్టలు బడి కోసం అచ్చేసినవి. క్రమశిక్షణ, నిగ్రహం, వీటికి సంబంధించిన నలభై రెండు ఇంగ్లీషు మాటలు, దాదాపు మాటకొక బొమ్మ. గుడ్ మార్నింగ్ లేదు. ధర చెప్పడం లేదు. దుకాణదారుకు పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. ఇంగ్లీషు ఇంగ్లీషేనని కమిటీ తీర్మానించింది.

చేపల వేలం పాడే షెడ్డులో, మధ్యాహ్నం వేలం అయ్యాక, యుదెల్కా టీచరమ్మ పాఠం చెప్పేది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఇంగ్లీషు బాగా వచ్చినది, పుస్తకం చూసి ఒక పూటంతా తలపట్టుకుంది. పరీక్ష మాత్రం ఆ పుస్తకంలోంచే. దాంతో ఓడ, అమ్మ, రండి, పోండి లాంటి ఇంగ్లీషు మాటలు రేవు బతుకులో అందరికీ వచ్చినవే కదా అని ధైర్యం చెప్పి, మొదటి పేజీ తెరిచింది. ఒక సన్నటి దొర కుర్చీలో కూర్చుని ఎదురుగా ఉన్న కేకును వద్దంటున్నాడు. సెల్ఫ్ కంట్రోల్. రెండో పేజీలో అదే దొర తెల్లవారకముందే లేచి చన్నీళ్ళు పోసుకుంటున్నాడు. డిసిప్లిన్. మూడో పేజీలో పెద్ద గదిలో ఒక్కడే గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. సైలెన్స్.

ముప్ఫై మంది దుకాణదారులు ఆ బొమ్మల్ని చూసి కలత పడ్డారు. ఈ మనిషికి ఏమైందని అడిగారు. కేకు ఎందుకు వద్దంటున్నాడు, చక్కెర జబ్బా? గోడతో ఏం మాట్లాడుతున్నాడు, పెళ్ళాం పోయిందా? టీచరమ్మ అది నిగ్రహమని ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. ఆ దొరకు ఎడ్మండ్ అని పేరు పెట్టారు. నాలుగో వారానికి "పాపం ఎడ్మండ్" అనకుండా ఎవరూ పేజీ తిప్పలేదు. ఉయ్యాలలమ్మే ఆయన ఇరవయ్యో పేజీలో ఎడ్మండ్ నవ్వుతున్నాడని కనిపెట్టాడు. క్లాసంతా లేచి వెళ్ళి చూసింది. నవ్వు కాదు, అచ్చు తప్పు.

కాసిల్డా షెడ్డులో ఈ చివర కూర్చునేది, నెరెయిదా ఆ చివర. వకీలు మధ్యలో, చేపల వాసన చూస్తూ. చదువు అబ్బుతుందని కాసిల్డా అనుకోలేదు. బడిలో మూడేళ్ళు చదివి, నాలుగో ఏడు టీచరునే తిట్టి బయటికొచ్చిన మనిషి. కానీ పదహారో నంబరు వాళ్ళమ్మ కూర్చున్న చోటు. బల్ల మీద ఎడమ వైపు గుంట వాళ్ళమ్మ మోచేతిది. దాన్ని బస్సుల షెడ్డు వెనక్కి మోసుకుపోయే పని ఆవిడ వల్ల కాదు. అందుకని కొబ్బరి కోరుతూ, పాకం కలుపుతూ నలభై రెండు మాటలూ వల్లె వేసింది. పేషెన్స్ అని ఆవిడ అరుస్తుంటే పక్క వీధిలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు.

వచ్చిన మాట వాడకుండా ఉండలేని జనం మాది. ఒక మంగళవారం ఓడ దిగిన ముసలాయన కాసిల్డా బల్ల మీద ఒక మిఠాయి తిని రెండోదానికి చేయి చాచాడు. కాసిల్డాకి ఎడ్మండ్ గుర్తొచ్చాడు. వేలెత్తి, కళ్ళురిమి, "సెల్ఫ్ కంట్రోల్" అంది. ముసలాయన చేయి వెనక్కి తీసుకుని, పడీ పడీ నవ్వి, భార్యను పిలిచాడు. ఆవిడనూ కాసిల్డా "లిమిట్" అని గద్దించింది. భార్య తన స్నేహితుల్ని పిలిచింది. మధ్యాహ్నం కాకముందే పళ్ళెం ఖాళీ. అమ్మ పక్కన నిలబడ్డ నాటి నుంచి నలభయ్యేళ్ళుగా తినండి తినండి అని గొంతు చించుకున్నా కొననివాళ్ళు, తినొద్దంటే ఎగబడ్డారు.

నెరెయిదా అది చూసింది. చెల్లెలు కదా, నెమ్మదైన మనిషే గానీ బుర్ర తక్కువది కాదు. శుక్రవారం ఓడకు రమ్ము సీసా రెండు చేతులా ఎత్తిపట్టుకుని, తాగుడు మానండనే అర్థం వచ్చే పేజీ పద్నాలుగు మాటను కీర్తనలా పాడడం మొదలుపెట్టింది. జనం వరసకట్టి కొన్నారు. ఇక రేవంతా అంటుకుంది. ఉయ్యాలలమ్మే ఆయన ఉయ్యాలలో పడుకుని "వేకప్, డిసిప్లిన్" అని అరిచేవాడు. జడలల్లే అమ్మాయిలు దొరసాని జుట్టు పట్టుకుని లాగేటప్పుడల్లా "పేషెన్స్" అనేవారు. లేత కొబ్బరికాయలమ్మే ఫౌస్తినో ఒక్కడే దెబ్బతిన్నాడు. కత్తి ఎత్తి "పనిష్మెంట్" అన్నాడు, ఇరవై మంది ఓడలోకి తిరిగి పరిగెత్తారు. మాట మార్చుకోమని టీచరమ్మ బతిమాలినా వినలేదు. బొమ్మలో ఎడ్మండ్ చేతిలో కూడా కర్ర ఉందని వాదన.

అంతా బాగానే ఉందనుకుంటుండగా పరీక్షకు వారం ముందు కమిటీ కాగితం అంటించింది. పరీక్ష నోటితోనే. ఇద్దరిద్దరుగా పిలుస్తారు, ఇద్దరూ ఒకరితో ఒకరు అయిదు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి. మధ్యలో మా ఊరి భాష స్పానిష్ మాట ఒక్కటి దొర్లినా దొర్లినవాళ్ళ దుకాణం షెడ్డు వెనక్కి. జతలు దుకాణం నంబర్ల ప్రకారం, ఒకటో నంబరు ఖాళీ కాబట్టి రెండు నుంచి లెక్క. పదహారుకు జత పదిహేడు.

కాసిల్డా కాగితం మూడుసార్లు చదివింది. తర్వాత కమిటీ ఆఫీసుకు వెళ్ళి అరిచిన అరుపుకు గోడ మీది గడియారం ఆగిందని అంటారు. అది అంతకుముందే ఆగి ఉందని కొందరు. ఏదైతేనేం, జతలు మారలేదు. ఇద్దరూ కలిసి ఎగ్గొడితే ఇద్దరి దుకాణాలూ పోతాయని కమిటీ అధ్యక్షుడు బల్ల చాటు నుంచే చెప్పాడు. కుక్కను మధ్యలో పెట్టుకోవచ్చా అని ఆవిడ అడిగింది. కుక్కకు నంబరు లేదన్నాడు.

అక్కడి నుంచి నేరుగా ఫాదర్ క్రిస్పిన్ దగ్గరికి వెళ్ళింది. ఆయన తోటలో బొప్పాయి మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. ఆవిడను చూడగానే మొక్కకు అటువైపు జరిగాడు.

"ఫాదర్, మాతకు ఇంగ్లీషు వచ్చా?"

"తల్లికి అన్ని భాషలూ వచ్చు కాసిల్డా."

"అయితే ఇంగ్లీషులో మాట్లాడినా మొక్కు తప్పినట్టేనా?"

"అసలు కోపంలో మొక్కిన మొక్కు మొక్కే కాదమ్మా. ఆ తల్లి దాన్ని ఎప్పుడో మర్చిపోయుంటది. నువ్వు హాయిగా నీ చెల్లెలితో నీ భాషలోనే మాట్లాడుకో."

కష్టం తీరిందని సంతోషించాలా వద్దా? కాసిల్డాకి ఒళ్ళు మండింది. "నా మొక్కు చెల్లదంటావా ఫాదర్? మోకాళ్ళ మీద పోయొచ్చినదాన్ని నేను. చిప్పలు చూడు, ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. నీ బొప్పాయిలైనా చెల్లకపోతాయేమో గానీ నా మొక్కు చెల్లుద్ది" అని వచ్చేసింది. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటే ఇదే. మొక్కు చెల్లాలి, దుకాణమూ ఉండాలి.

వీధి మూల మీది సారా కొట్టు ముందు డామినో ఆడేవాళ్ళు ఈ విషయాన్ని రెండు రోజులు నలిపారు. మాతకు ఇంగ్లీషు వచ్చినా మొక్కు విన్నది స్పానిష్‌లో కాబట్టి స్పానిష్‌లోనే లెక్క చూస్తుందని ఒక వర్గం. నాలుక ఒకటే కదా, రాలితే భాష చూసి రాలుతుందా అని రెండో వర్గం. ఆట చెడి, ఒకరి ముక్క ఒకరు విసిరేసుకుని లేచారు. చివరికి కాసిల్డా తన వకాల్తా తనే పుచ్చుకుంది. ఆ రోజు పటం ముందు తన నోటి నుంచి వచ్చిన మాటల్ని ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. మా అమ్మ నేర్పిన మాటల్లో, అని కదా అన్నది. అమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఈ నలభై రెండూ యుదెల్కా నేర్పినవి. అయినా అనుమానం తీరక కొవ్వొత్తి వెలిగించి, తప్పయితే ఆర్పెయ్యి తల్లీ అని చెప్పి, కిటికీ గట్టిగా మూసేసి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. కొవ్వొత్తి ఆరలేదు. 

పరీక్ష రోజు చేపల షెడ్డు కడిగి, బల్ల వేసి, దాని మీద తెల్ల గుడ్డ పరిచారు. రాజధాని నుంచి వచ్చిన పరీక్షాధికారి ఎవారిస్తో గారు టై కట్టుకుని, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. బయట ఊరంతా చేరింది. పదహారు, పదిహేడు లోపలికి వెళ్తే ఎంతసేపట్లో పైకప్పు లేస్తుందని ఫౌస్తినో పందాలు కట్టించుకుంటున్నాడు. వకీలు లోపలికి రాబోతే బంట్రోతు తలుపేశాడు. అది తలుపు బయట కూర్చుని, పదవి పోయినదానిలా మూలిగింది.

అక్కచెల్లెళ్ళు ఎదురెదురు కుర్చీల్లో కూర్చున్నారు. పదకొండేళ్ళ తర్వాత కాసిల్డా చెల్లెలి ముఖంలోకి నేరుగా చూసింది. కనుబొమల దగ్గర ముడతలు పడ్డాయి, అచ్చం అమ్మకు పడ్డట్టే. అది చూడగానే మనసు మెత్తబడలేదు, ఇంకా మండింది. ఆ ముఖం పెట్టుకునే కదా అమ్మను వదిలిపోయింది. ఎవారిస్తో గారు పుస్తకం తెరిచి, క్రమశిక్షణ గల రోజు గురించి మాట్లాడుకోండని, ఇక మొదలని సైగ చేశాడు.

"యూ, నో డిసిప్లిన్" అంది కాసిల్డా.

ఎవారిస్తో గారు తల ఊపి ఏదో రాసుకున్నాడు.

"పేషెన్స్" అంది నెరెయిదా, మెల్లగా.

"నో పేషెన్స్. మదర్ సిక్. షిప్ కమ్. యూ గో. మదర్..." ఆ తర్వాతి మాట పుస్తకంలో లేదు. కాసిల్డా వెతికి, మూడో పేజీ మాట పట్టుకుంది. "మదర్ సైలెన్స్."

ఉచ్చారణ బాగుందని, భావం కూడా ఉందని ఎవారిస్తో గారు పక్కనున్న కమిటీ అధ్యక్షుడితో గుసగుసగా అన్నాడు. అధ్యక్షుడు చెమట తుడుచుకున్నాడు. నెరెయిదా బల్ల మీది పుస్తకం తన వైపు లాక్కుంది. పుస్తకంలో తొమ్మిదో పేజీ ఉంది. ఒక పెద్దావిడ వేలు చూపించి ఏదో చెబుతుంటుంది, ఎడ్మండ్ తలవంచుకుని బయలుదేరుతుంటాడు. రెండు మాటలకు ఒకటే బొమ్మ. నెరెయిదా ఆ పేజీ తీసి, బల్ల మీద అక్క వైపు తిప్పి, పెద్దావిడ మీద వేలు పెట్టింది.

"మదర్. ఆర్డర్."

తర్వాత ఎడ్మండ్ మీద పెట్టింది. "ఐ, ఒబే."

కాసిల్డా బొమ్మను చూసింది, చెల్లెల్ని చూసింది. మళ్ళీ బొమ్మను చూసింది. పొమ్మన్నది అమ్మా? ఆ ఆలోచనే పదకొండేళ్ళలో ఆవిడకు రాలేదు. నెరెయిదా ఏనాడైనా నోరు తెరిస్తే, తెరిచినంత మేరా తన గొంతే నిండింది. కాసిల్డాకి గుర్తొచ్చిన ఒకే ఒక మాట పన్నెండో పేజీది.

"హానెస్టీ?"

"హానెస్టీ" అని నెరెయిదా గుండె మీద చేయి వేసుకుంది.

ఎవారిస్తో గారు ఇద్దరికీ పూర్తి మార్కులు వేసి కలానికి మూత కూడా పెట్టాడు. ఇంకో నిమిషం ఉంది. ఆ నిమిషం ఊరుకుంటే చాలు. సైలెన్స్ అనే మాట కూడా పుస్తకంలో ఉందాయె, ఊరుకున్నా మార్కులే. పదహారో నంబరు, బల్ల మీద గుంట, గేటు ఎదుటి నేల, అన్నీ దక్కినట్టే. కానీ కాసిల్డాకి ఒకటి తెలుసుకోవాలి. దాన్ని అడగడానికి నలభై రెండు మాటల్లోనూ చోటు లేదు. ఎడ్మండ్ ఎవరినీ ఏమీ అడగడు, అన్నీ వద్దంటాడు అంతే. ఆవిడ నలభై రెండూ మనసులో తిరగేసింది. నాలుక ఎండి రాలడం గుర్తొచ్చింది. షెడ్డు వెనక ఈగలూ గుర్తొచ్చాయి. ఎవారిస్తో గారి మూత పెట్టిన కలం కనిపిస్తూనే ఉంది.

అమ్మ నేర్పిన మాటల్లోనే అడిగింది.

"అమ్మ ఏమంది?"

గొంతు చాలా చిన్నగా వచ్చింది. ఎవారిస్తో గారు సరిగా వినబడక తలెత్తాడు. అధ్యక్షుడికి వినబడింది, కళ్ళు మూసుకున్నాడు. నెరెయిదా తలుపు వైపు చూసింది, అధికారి వైపు చూసింది. పదిహేడో నంబరు కూడా దుకాణమే, ఆవిడకున్నదీ అదొక్కటే. ఆవిడ కూడా స్పానిష్‌లోనే చెప్పింది.

"ఓడ వచ్చింది, పొద్దున పోసిన పాకం పాడైపోద్ది, పళ్ళెం తీసుకుని పోవే అంది. నిన్నొదిలి నే పోనన్నా. చెప్పిన మాట వినమంది. నే పడుకుంటా, నువ్వొచ్చేసరికి లేస్తా అంది. గుమ్మం దాటతంటే మళ్ళీ పిలిచింది."

"పిలిచి?"

"నిన్ను పంపింది నేనని అక్కకి చెప్పమాకే, అరుస్తది అంది."

ఎవారిస్తో గారు కలం మూత తీసి రెండు పేర్ల ఎదుట వేసిన మార్కులూ కొట్టేశాడు. నిబంధన నిబంధనే, అది ఆయన తప్పు కాదు. ఆ సంగతి ఇద్దరూ పట్టించుకోలేదు.

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలా?" అంది కాసిల్డా.

"నువ్వు అరవడం ఆపితే చెబుదామనుకున్నా. నువ్వు ఆపలా."

బయట జనం ఎదురు చూస్తూనే ఉన్నారు. పైకప్పు లేవలేదు. ఎంతకీ ఏ చప్పుడూ లేకపోయేసరికి ఒకరినొకరు చంపుకున్నారేమోనని ఎవరో తలుపు తోశారు. ముందు వకీలు లోపలికి దూరింది. కాసిల్డా వేలితో నాలుక తాకి చూసుకుంటూ కనబడింది. తడిగానే ఉంది. కళ్ళు కూడా. చెల్లెలి చేయి పట్టుకుని లేపి, జనం మధ్య నుంచి నడిపించుకుని వెళ్ళిపోయింది. పందెం ఎవరు గెలిచినట్టో తేలక ఫౌస్తినో అందరి డబ్బూ తిరిగి ఇచ్చేశాడు.

సోమవారం కమిటీ వాళ్ళు బల్లలు మోయడానికి వచ్చారు. యుదెల్కా టీచరమ్మ వాళ్ళ వెంట వచ్చి, పరీక్ష మళ్ళీ పెట్టించమని అర్జీ రాస్తానంది. రాసింది కూడా. జవాబు ఇంకా రాలేదు. ఓడ దిగినవాళ్ళలో ఒకరిద్దరు, తినొద్దని తిట్టే ముసలావిడ ఏదని అడుగుతుంటారు. ఎవరైనా దయతలిస్తే దారి చూపిస్తారు. ఎక్కువమంది చూపించరు, వాళ్ళకూ మిఠాయిలున్నాయి.

బస్సుల షెడ్డు వెనక ఇప్పుడు రెండు బల్లలు కలిపి ఒకటే వేశారు. గుంట ఉన్న వైపు కాసిల్డా, అవతలి వైపు నెరెయిదా. గిరాకీ అంటే డ్రైవర్లూ కండక్టర్లూ, ఎవరూ లేనప్పుడు ఈగలూ. వకీలుకు పని లేక లావెక్కింది. పదకొండేళ్ళ తర్వాత నెరెయిదా మళ్ళీ కొబ్బరి పాకం ముట్టుకుంది. పొయ్యి గాలికి ఆరిపోతుందని దాన్ని షెడ్డు అవతలి మూలన పెట్టుకుంది. బల్ల దగ్గర నుంచి ముప్ఫై అడుగులుంటుంది.

ఒక శుక్రవారం ఓడ కూసింది. బల్ల దగ్గరున్న కాసిల్డాకి పాకంలో దాల్చిన చెక్క వేశారో లేదో అనుమానం వచ్చింది. నోరు తెరిచింది. ఊపిరి కూడా తీసుకుంది. బస్సు మీద సామాను కడుతున్న కండక్టరు అలవాటుగా చెవులు మూసుకున్నాడు. ఆవిడ నోరు మూసుకుని, మోకాళ్ళు పట్టుకుని లేచి, ఆ ముప్ఫై అడుగులూ నడిచి వెళ్ళి, చెల్లెలి పక్కన వంగి, మెల్లగా అడిగింది.